చేప కాలేయంలో తెలుపును కొలిచే ముందు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఫిషరీస్ విద్యార్థులూ ఉన్నారు, జువాలజీ పరిశోధకులూ ఉన్నారు, ఇమేజ్ ప్రాసెసింగ్ చేసే ఇంజనీరింగ్ వాళ్లూ ఉన్నారు. అందుకని ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరి కోసం మళ్లీ చెప్పాల్సి వస్తుంది, కాస్త ఓపిక పట్టండి. నీటిలో కలిసిన విషపదార్థం చేప కాలేయాన్ని ఎంత దెబ్బతీసిందో మైక్రోస్కోప్ ఫోటో నుంచి అంకెల్లో ఎలా రాబట్టాలన్నది ఇవాళ్టి విషయం. ఉదాహరణకు రోహును తీసుకుందాం, మన శీలావతి. కొల్లేరు చుట్టూ చెరువుల్లో ఎక్కువగా పెంచేది అదే.

అసలు మాట ముందే చెప్పేస్తాను. కాలేయం స్లైడ్‌లో తెల్లగా కనిపించేదంతా దెబ్బ కాదు. సాఫ్ట్‌వేర్‌కి తెలుపు తెలుపే. అది కొవ్వా, కాలేయం దాచుకునే పిండిపదార్థం గ్లైకోజెనా, రక్తం పారే సందా, సెక్షన్ చిట్లిన పగులా అన్నది దానికి పట్టదు. ఆ తేడా తేల్చకుండా శాతం లెక్కగట్టి, దాన్ని కాలుష్యం ఖాతాలో రాసేయడం ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కాలేయాన్నే ఎందుకు చూస్తున్నాం? పేగులో పీల్చుకున్నది పోర్టల్ సిర ద్వారా ముందు చేరేది అక్కడికే. కాడ్మియం, రాగి వంటి లోహాలను మెటలోథయోనీన్ అనే ప్రోటీన్‌తో కట్టి నిల్వ ఉంచేదీ కాలేయమే. పురుగుమందులను విరగ్గొట్టే ఎంజైములూ అక్కడే ఎక్కువ. విరగ్గొట్టడం ప్రతిసారీ మేలు చేయదు. క్లోర్‌పైరిఫాస్ కాలేయంలో ఆక్సాన్‌గా మారినప్పుడు ఇంకా విషపూరితం అవుతుంది. మొప్పలు ముందు దెబ్బతింటాయి, నిజమే. వారాల తరబడి తక్కువ మోతాదులో పేరుకున్న హాని చదవాలంటే మాత్రం కాలేయం దగ్గరికే రావాలి.

ఒక హద్దు కూడా ఇక్కడే గీసుకోవాలి. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉంది. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, చేరింది. బుడమేరు, తమ్మిలేరుతో పాటు బోలెడన్ని కాలువలు దాంట్లో కలుస్తాయి. నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. పొలాల మందులు, ఊళ్ల మురుగు, చెరువుల నుంచి వదిలిన నీరు అన్నీ అందులో కలగలిసే ఉంటాయి. అలాంటి చోట పట్టిన చేప కాలేయం మొత్తం దెబ్బ ఎంతో చెప్పగలదు, దోషి పేరు చెప్పలేదు. లోహం పేరు, మందు పేరు కావాలంటే అదే కాలేయం ముక్కను రసాయన పరీక్షకు పంపాలి.

ఇక చేప దగ్గరకు వద్దాం. రోహుకు జీర్ణాశయం ఉండదు. కాలేయం పేగు మెలికల మధ్య పరుచుకుని ఉంటుంది, ఒక్క ముద్దగా చేతికి రాదు. దాని లోపలే, పోర్టల్ సిర కొమ్మల వెంట, క్లోమ కణజాలం కూడా ఉంటుంది. అందుకే దాన్ని హెపటోపాంక్రియాస్ అంటారు. క్లోమం కణాలు ముదురు ఊదా రంగులో, మధ్యలో గులాబీ రేణువులతో, గుంపులుగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు దాన్ని వాపు అనుకుంటారు, ఒక్కోసారి కణితి అని కూడా రాసేస్తారు. సాఫ్ట్‌వేర్‌కైతే అది కేంద్రకాలు కిక్కిరిసిన చోటు. అందుకే కొలతకు ముందు క్లోమ కణజాలాన్ని, పెద్ద రక్తనాళాలను చుట్టూ గీత గీసి లెక్క నుంచి తీసేయాలి.

చేప చనిపోయిన కొద్ది నిమిషాల్లోనే కాలేయం ఫిక్సేటివ్‌లో, అంటే కణజాలం చెడకుండా నిలిపే ద్రవంలో, పడాలి. కాలేయంలో ఎంజైములు ఎక్కువ కాబట్టి అది తనను తానే త్వరగా కరిగించుకుంటుంది. మార్కెట్లో ఐస్ మీద పెట్టిన చేప ఈ పనికి అసలు పనికిరాదు. మత్తుకు ఎంఎస్-222 వాడితే నీరు ఆమ్లంగా మారుతుంది, సోడియం బైకార్బొనేట్ కలిపి పీహెచ్ సరిచేయండి. లవంగ నూనె వాడినా ఫరవాలేదు. అయితే ఏ పద్ధతి పెట్టుకున్నా విషం కలపని నీటిలో ఉంచిన కంట్రోల్ చేపలకూ, మందు పెట్టిన, అంటే విషం తగిలించిన చేపలకూ అదే పద్ధతి. చంపే తీరు మారితే సైనుసాయిడ్లలో, అంటే కాలేయ కణాల వరుసల మధ్య రక్తం పారే సన్నని సందుల్లో, నిలిచే రక్తం మారుతుంది, వాటి వెడల్పూ మారుతుంది. కోసేటప్పుడు పిత్తాశయం పగలకుండా చూడండి. పైత్యం తగిలిన చోట కణాలు పాడవుతాయి, ఆ ముక్క వదిలేయడమే మంచిది.

కాలేయాన్ని అప్పుడే 3 భాగాలు చేసుకోండి. ఒకటి ఫార్మలిన్‌కి, ఒకటి గడ్డకట్టించడానికి, ఒకటి రసాయన పరీక్షకు. గడ్డకట్టించిన ముక్క ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఫార్మలిన్ అంటే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. బజారులో దొరికే 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్క మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ద్రవం ముక్క కంటే కనీసం 10 రెట్లు, వీలైతే 20 రెట్లు ఉండాలి. 24 నుంచి 48 గంటలు ఉంచండి. బఫర్ కలపని ఫార్మలిన్ నిల్వ ఉన్నకొద్దీ ఆమ్లంగా మారుతుంది. అప్పుడు రక్తం ఉన్న చోట గోధుమ-నలుపు రేణువులు పడతాయి. దాన్ని ఫార్మలిన్ పిగ్మెంట్ అంటారు. కంటికి అది వర్ణకంలా, సాఫ్ట్‌వేర్‌కు చిన్న కేంద్రకంలా కనిపిస్తుంది. కొద్ది గ్రాముల రసాయనం ఆదా చేయబోతే వేల తప్పుడు కేంద్రకాలు లెక్కలో చేరతాయి.

ఆ తరువాత ఆల్కహాల్ మెట్లు, జైలీన్, 58 నుంచి 60 డిగ్రీల పారాఫిన్, మైక్రోటోమ్ మీద 5 మైక్రాన్ల సెక్షన్, కేంద్రకాలకు ఊదా, మిగతా కణానికి గులాబీ పట్టించే హిమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు. ఇవి మీ ల్యాబ్‌లో రోజూ జరిగేవే, ఆగను. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పాలి. కంట్రోల్ బ్లాకులు ఒకరోజు, మందు పెట్టిన బ్లాకులు ఇంకోరోజు రంగు వేయకండి. ప్రతి బ్యాచ్‌లో రెండూ కలిసి ఉండాలి. హిమటాక్సిలిన్ పాతబడేకొద్దీ రంగు పలచబడుతుంది. ఆ తేడాను విషప్రభావం అనుకునే ప్రమాదం ఉంది. బ్లాకులు తయారు కాగానే స్లైడ్లకు కోడ్ నంబర్లు వేసి, ఏది ఏ గుంపుదో తెలిసిన కాగితం వేరే మనిషి దగ్గర ఉంచండి.

ఇప్పుడు ఫోటో. 40ఎక్స్ ఆబ్జెక్టివ్, న్యూమరికల్ అపర్చర్ 0.65 అనుకుందాం. ఆకుపచ్చ కాంతి 0.55 మైక్రాన్లు అయితే విడదీసి చూపగల దూరం 0.61 ఇంటూ 0.55 బై 0.65, అంటే సుమారు 0.5 మైక్రాన్. కెమెరా ఒక్కో పిక్సెల్ దానిలో సగం, 0.25 మైక్రాన్ కంటే పెద్దది కాకూడదు. ఆ లెక్కన 2048 బై 1536 పిక్సెళ్ల ఫోటోలో 512 బై 384 మైక్రాన్ల మేర కాలేయం పడుతుంది. స్టేజ్ మైక్రోమీటర్ స్లైడ్ మీద 1 మిల్లీమీటర్‌ను 100 భాగాలు చేసి ఉంటారు, ఒక గీతకు 10 మైక్రాన్లు. దాన్ని అదే ఆబ్జెక్టివ్‌తో, అదే కెమెరా సెట్టింగ్‌తో ఫోటో తీసి, బొమ్మలు కొలిచే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్‌లో సెట్ స్కేల్ చేయండి. కెమెరా రిజల్యూషన్ మార్చితే ఈ పని మళ్లీ చేయాలి. ఇది మరచిపోయి అన్ని వైశాల్యాలూ 4 రెట్లు తప్పిపోవడం తరచూ జరుగుతుంది.

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకండి, ఒకసారి సరిచేసి లాక్ చేయండి. ఆటోలో ఉంటే కెమెరా ముదురు స్లైడ్‌ను వెలిగించి, లేత స్లైడ్‌ను ముదురు చేసి, మీరు కొలవాలనుకున్న తేడానే చెరిపేస్తుంది. స్లైడ్ మీద ఖాళీ చోట ఒక ఫోటో తీసుకుని, ప్రతి ఫోటోనూ దానితో భాగించండి. మూలల్లో ఉండే నీడ పోతుంది. ఫైలు టిఫ్‌లో దాచండి. జేపెగ్ రంగు సమాచారాన్ని గడులుగా కుదిస్తుంది, కేంద్రకం అంచులు అక్కడే చెడిపోతాయి.

ఏ చోటు ఫోటో తీయాలి? మీకు బాగా కనిపించిన చోటు కాదు. సెక్షన్ ఒక మూల దగ్గర ఏదో ఒక చోట, ఎంచుకోకుండా మొదలుపెట్టి, స్టేజ్‌ను అడ్డంగా 1 మిల్లీమీటరు, నిలువుగా 1 మిల్లీమీటరు చొప్పున కదుపుతూ వచ్చినదాన్ని వచ్చినట్టే తీయాలి. ఫీల్డ్‌లో, అంటే ఒక ఫోటోలో పడే మేరలో, సగానికి పైగా రక్తనాళం ఉంటే వదిలేయాలి వంటి నియమం పెట్టుకోవచ్చు, ముందే రాసిపెట్టుకోండి. ఒక్కో చేపకు 10 ఫీల్డులు చాలావరకు సరిపోతాయి.

ఇక తెలుపు. హిమటాక్సిలిన్-ఇయోసిన్ స్లైడ్‌లో కొవ్వు ఉండదు. ఆల్కహాల్, జైలీన్ దాన్ని కరిగించి తీసుకుపోతాయి. మిగిలేది గుండ్రటి, అంచు పదునైన ఖాళీ. పెద్దదైతే కేంద్రకాన్ని పక్కకు నెడుతుంది. గ్లైకోజెన్ ఈ రంగులను పట్టదు, కొంత నీటిలో కొట్టుకుపోతుంది కూడా. అక్కడ అంచు చెదిరిన, లోపల పోగులు పోగులుగా ఉన్న లేత ప్రదేశం కనిపిస్తుంది, కేంద్రకం మధ్యలోనే ఉంటుంది. నీరు పట్టి ఉబ్బిన కణం, అంటే నిజంగా దెబ్బతిన్న కణం, ఈ రెండోదానిలాగే కనిపిస్తుంది! ఆరోగ్యంగా మేసిన చేప, విషం తగిలిన చేప ఒకే రకం తెలుపు చూపించే చోటు ఇదే.

తేల్చే దారి ఉంది. పక్కపక్క సెక్షన్లు రెండు తీసుకుని, గ్లైకోజెన్‌ను గులాబీగా చూపే పీఏఎస్ రంగు వేయండి. ఒకదాన్ని ముందుగా డయాస్టేస్‌లో, అంటే గ్లైకోజెన్‌ను విరగ్గొట్టే ఎంజైములో, ఉంచండి. డయాస్టేస్ లేనిదాంట్లో ముదురు గులాబీ వచ్చి, ఉన్నదాంట్లో పోతే అది గ్లైకోజెన్. గడ్డకట్టించి దాచిన ముక్కను క్రయోస్టాట్ మీద 8 నుంచి 10 మైక్రాన్లుగా కోసి ఆయిల్ రెడ్ ఓ వేస్తే, ఎర్రగా పట్టింది కొవ్వు. రెండూ పట్టని తెలుపు మిగిలితే అప్పుడు నీటి ఉబ్బు గురించి మాట్లాడవచ్చు. అన్ని చేపలకూ ఇది చేయనక్కర్లేదు, గుంపుకు కొన్ని చేపలకు చేసినా మీ అంకెకు అర్థం వస్తుంది.

మేత సంగతి ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మన చెరువుల్లో రోహుకు నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క పెడతారు. పిండిపదార్థం ఎక్కువైన మేతతో కాలేయ కణాలు గ్లైకోజెన్‌తో, కొవ్వుతో నిండుతాయి. అలాంటి చెరువు చేపను తీసుకొచ్చి, ఏటిలో పాచి తిని బతికిన చేపతో పోల్చితే చెరువు చేప కాలేయంలో తెలుపు ఎక్కువే వస్తుంది, నీరు ఎంత శుభ్రంగా ఉన్నా సరే. పోల్చాల్సింది అదే మేత, అదే పరిమాణం, అదే కాలం, అదే లింగం ఉన్న చేపతో. జూన్ నుంచి ఆగస్టు మధ్య గుడ్లు కట్టిన ఆడ చేప కాలేయం గుడ్ల పచ్చసొన ప్రోటీన్ తయారీలో ఉంటుంది. కణాలు ముదురు ఊదాగా మారతాయి, గ్లైకోజెన్ తగ్గుతుంది.

ల్యాబ్‌లో దీనికి తలకిందులైన చిక్కు వస్తుంది. మందు కలిపిన తొట్టిలో చేప మేత మానేస్తుంది. మేత మానితే గ్లైకోజెన్ తరిగి, కణాలు కుంచించుకుపోతాయి. తెలుపు తగ్గుతుంది. విషం ఎక్కువైనకొద్దీ తెలుపు శాతం తగ్గిన ఫలితం చూసి "విషప్రభావం లేదు" అని రాసేయకూడదు, "ఇదంతా విషం నేరుగా చేసిన పని" అని కూడా రాయకూడదు. విడదీయాలంటే, మందు గుంపు ముందురోజు తిన్నంత మేతే పెట్టే మరో కంట్రోల్ తొట్టి ఉండాలి. పెయిర్-ఫెడ్ కంట్రోల్ అంటారు. ఖర్చు పెరుగుతుంది, కానీ అది లేకపోతే మిగతా కొలతలన్నీ అనుమానంలోనే ఉంటాయి.

తెలుపును కొలిచేటప్పుడు ఇంజనీరింగ్ మిత్రులకు ఒక మాట. బొమ్మలో లేత, ముదురు భాగాలను విడదీసే హద్దును తనంతట తానే ఎంచే ఒట్సు థ్రెషోల్డ్ 1979 నాటిది, మంచి పద్ధతి. కానీ అది ఏ బొమ్మనైనా రెండుగా చీలుస్తుంది. తెల్ల ఖాళీలే లేని ఫీల్డ్ ఇచ్చినా ఏదో ఒక లేత గులాబీని తెలుపుగా చూపిస్తుంది. కేంద్రకాలకు ఒట్సు ఫరవాలేదు, ఎందుకంటే అవి ప్రతి ఫీల్డ్‌లోనూ ఉంటాయి. ఖాళీలకు మాత్రం కంట్రోల్ స్లైడ్ల మీద ఒక విలువ నిర్ణయించి, అన్ని ఫోటోలకూ అదే వాడండి. తెల్లటి వస్తువులు విడిపోయాక గుండ్రదనం లెక్కించండి, 4 పై ఇంటూ వైశాల్యం బై చుట్టుకొలత వర్గం. 1కి దగ్గరైతే కొవ్వు ఖాళీ అయ్యే అవకాశం ఎక్కువ, బాగా తక్కువైతే సైనుసాయిడ్ లేదా పగులు. పది పిక్సెళ్ల లోపు వస్తువులకు ఈ కొలత నమ్మదగింది కాదు, వాటిని తీసేయండి. సైనుసాయిడ్ల వెడల్పు కూడా ఒక లక్షణమే, పారేయకుండా వేరే వరుసలో రాయండి.

థ్రెషోల్డ్ మీద నమ్మకం కుదరకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది. ఫోటో మీద 100 చుక్కల జాలీ పరిచి, ఎన్ని చుక్కలు ఖాళీ మీద పడ్డాయో చేత్తో లెక్కపెట్టడం. వైశాల్యం నిష్పత్తి ఘనపరిమాణం నిష్పత్తికి సమానమని 1847లోనే డెలెస్ అనే ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త రాళ్ల మీద చూపించాడు. 10 ఫీల్డులకు 1000 చుక్కలు. 200 ఖాళీ మీద పడితే 20 శాతం, చుక్కలు ఒకదానిపై ఒకటి ఆధారపడకపోతే అటూ ఇటూ 1.3 శాతం పొరపాటు. ఒక్కో చేపకు ఎక్కువ సమయం కూడా పట్టదు. సాఫ్ట్‌వేర్ అంకెను దీనితో సరిచూసుకోకుండా నేను నమ్మను.

ఇప్పుడు కేంద్రకాలు. ఇమేజ్‌జెలో కలర్ డీకన్వొల్యూషన్ చేసి హిమటాక్సిలిన్ బొమ్మను విడదీయండి. కొద్దిగా గాసియన్ బ్లర్, ఒట్సు, రంధ్రాలు పూడ్చడం, అతుక్కున్నవాటిని వాటర్‌షెడ్‌తో విడగొట్టడం, ఆపై అనలైజ్ పార్టికల్స్. క్యుపాత్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఒకే మెనూలో ఉంటుంది. రెడీమేడ్ హిమటాక్సిలిన్-ఇయోసిన్ విలువలు వాడకుండా మీ స్లైడ్ నుంచే రంగు విలువలు తీసుకోండి.

ఇక్కడ క్షీరదాల స్లైడ్ల మీద అలవాటుపడినవాళ్లు తప్పకుండా తప్పులో పడతారు. చేప ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉంటుంది. సైనుసాయిడ్ నిండా ఉన్న ప్రతి రక్తకణమూ ఒక కాలేయ కణంగా లెక్కలో చేరుతుంది. రక్తం ఎక్కువ నిలిచిన కాలేయంలో "కణాలు పెరిగాయి" అని ఫలితం వస్తుంది. రక్తకణం కేంద్రకం చిన్నది, కోలగా, ముదురుగా ఉంటుంది. కాలేయ కణానిది గుండ్రంగా, లేతగా, మధ్యలో న్యూక్లియోలస్ చుక్కతో ఉంటుంది. కంట్రోల్ చేపల్లో రెండు రకాలవీ ఒక్కోటి 100 చొప్పున చేత్తో గీసి కొలిచి, వైశాల్యం, కోలదనం, రంగు గాఢత ఈ మూడింటి హద్దులు నిర్ణయించండి. అడ్డంగా తెగిన రక్తకణం గుండ్రంగానే కనిపిస్తుంది కాబట్టి ఒక్క ఆకారం చాలదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. విషం తగిలి కుంచించుకుపోయిన కాలేయ కేంద్రకం కూడా చిన్నగా, ముదురుగానే ఉంటుంది. హద్దులు మరీ బిగిస్తే మీరు వెతుకుతున్న దెబ్బనే ఏరిపారేస్తారు. ఈ కారణంగా వడపోసి తీసేసిన వస్తువుల్లో కొన్నిటినైనా కంటితో చూడటం తప్పనిసరి.

లెక్క వచ్చాక ఇంకో దిద్దుబాటు. నిమ్మకాయను ఎక్కడ కోస్తే అంత చక్రమే వస్తుంది కదా, కేంద్రకమూ అంతే. పైగా పెద్ద కేంద్రకం ఎక్కువ సెక్షన్లలో తగులుతుంది. అబర్‌క్రాంబీ 1946లో ఇచ్చిన సూత్రం ప్రకారం అసలు సంఖ్య కావాలంటే లెక్కించినదాన్ని సెక్షన్ మందంతో గుణించి, మందం ప్లస్ కేంద్రకం వ్యాసంతో భాగించాలి. సెక్షన్ 5 మైక్రాన్లు, కేంద్రకం 6 మైక్రాన్లు అనుకోండి. 100 కేంద్రకాలు ఉన్న చోట 220 ముక్కలు లెక్కకొస్తాయి. కేంద్రకాలు ఉబ్బి 7 అయితే 240. ఒక్క కణమూ పెరగకుండానే 9 శాతం పెరుగుదల. కుంచించుకుని 4 అయితే 180, ఒక్క కణమూ చావకుండానే 18 శాతం నష్టం. అలాగే కణమే ఉబ్బితే చదరపు మిల్లీమీటరుకు కేంద్రకాలు తగ్గుతాయి. కేంద్రకాల సాంద్రత తగ్గిందంటే కణాలు చచ్చాయని కాదు.

ఇంత కొలిచినా కన్ను చేయాల్సిన పని మిగిలే ఉంటుంది. కణాలు చచ్చిన చోట్లు, తెల్ల రక్తకణాలు చేరిన చోట్లు, చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాల గుంపులు, ఇవి పాథాలజీ తెలిసినవాళ్లే గుర్తించాలి. నిల్వలో కుళ్లిన కణజాలాన్ని విషంతో చచ్చినదాంతో కలపకండి. కుళ్లు సెక్షన్ అంతటా ఒకేలా ఉంటుంది, రక్తకణాలు కూడా అలుక్కుపోతాయి. విషం చంపిన చోటు మచ్చలుగా ఉంటుంది, పక్కన రక్తకణాలు చక్కగా ఉంటాయి, చుట్టూ ప్రతిచర్య కనిపిస్తుంది.

వీటికి మార్కులు వేయడానికి బెర్నెట్ బృందం 1999లో ఇచ్చిన పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది. ప్రతి మార్పుకూ 1 నుంచి 3 దాకా ప్రాముఖ్యం, ఎంత మేర ఉందో దానికి 0, 2, 4, 6 మార్కులు. రెండూ గుణించి అన్నీ కూడాలి. కాలేయంలో కణద్రవ్యం మార్పులకు, అంటే మన తెల్ల ఖాళీలకు, ప్రాముఖ్యం 1. కేంద్రకం మార్పులకు 2. కణాల చావుకు 3. ఆ తూకం నాకు సబబుగానే అనిపిస్తుంది. కానీ కూడిక దగ్గర జాగ్రత్త. కాలేయమంతా తెల్ల ఖాళీలుంటే 6 ఇంటూ 1, మొత్తం 6. అక్కడక్కడ కణాలు చచ్చి ఉంటే 2 ఇంటూ 3, అదీ 6. మేత ఎక్కువైన చేపకూ, విషం తగిలిన చేపకూ ఒకే సూచీ! మొత్తంతో పాటు విడి మార్కులు కూడా పట్టికలో వేయకపోతే చదివేవాడికి ఏమీ తెలియదు.

డీప్ లెర్నింగ్ గురించి రెండు మాటలే. ఫోటోలను ముక్కలు చేసి శిక్షణకూ, పరీక్షకూ పంచేటప్పుడు చేపల వారీగా పంచండి. ఒకే చేప ముక్కలు రెండువైపులా ఉంటే మోడల్ ఆ చేపను గుర్తుపడుతుంది, దెబ్బను కాదు. 98 శాతం కచ్చితత్వం చూసి సంబరపడే ముందు ఇది అడగండి. రంగు వేసిన రోజు గురించి ఇందాక చెప్పింది ఇక్కడ మరీ ముఖ్యం.

గణాంకాల్లోనూ అదే లెక్క. 3 కంట్రోల్ తొట్లు, 3 మందు తొట్లు, తొట్టికి 5 చేపలు, చేపకు 10 ఫీల్డులు ఉంటే మీ దగ్గర గుంపుకు 150 పరిశీలనలు లేవు. మందు కలిపింది తొట్టికి కాబట్టి గుంపుకు ఉన్నది 3. ఫీల్డ్ చేపలో, చేప తొట్టిలో ఇమిడిన మిక్స్‌డ్ మోడల్ వాడండి. ఫీల్డులు పెంచితే లాభం త్వరగా ఆగిపోతుంది, తొట్లు పెంచండి.

ప్రశ్నలు వచ్చాయి. మొదటిది: మొబైల్ ఫోన్‌ను ఐపీస్‌కు పెట్టి తీసిన ఫోటోలు పనికొస్తాయా? చుక్కల జాలీతో చేత్తో లెక్కపెట్టడానికి పనికొస్తాయి, ఫోన్‌ను అడాప్టర్‌తో బిగించి, జూమ్ కదపకుండా, స్టేజ్ మైక్రోమీటర్ ఫోటో కూడా తీసుకుంటే. రంగు గాఢత కొలవడానికి పనికిరావు. ఫోన్ తనంతట తానే అంచులకు పదును పెడుతుంది, రంగు మారుస్తుంది, దాన్ని పూర్తిగా ఆపే వీలు చాలా ఫోన్లలో ఉండదు.

రెండోది: చెరువు రైతు చేపలు చచ్చిపోయాయని తెస్తే కాలేయం చూసి కారణం చెప్పగలమా? చచ్చి తేలిన చేపతో కష్టం. కొన ఊపిరితో ఉన్న చేపలు, అదే చెరువులో బాగానే ఉన్నవి, పక్క చెరువులో అదే మేత తింటున్నవి, మూడూ కావాలి. తెల్లవారుజామున కరిగిన ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత, అమ్మోనియా కొలిచి, లీటరు నీరు గాజు సీసాలో పురుగుమందుల పరీక్షకు, మరో సీసా లోహాల పరీక్షకు తీసి ఉంచమనండి. చాలాసార్లు ఒక్క రాత్రిలో జరిగిన మూకుమ్మడి చావుకు ఆక్సిజన్ పడిపోవడమే కారణం అవుతుంది. అప్పుడు కాలేయం దాదాపు మామూలుగానే కనిపిస్తుంది.